సగం బరువు

గైడు గది తలుపు తట్టేముందు ఆమె విరిగిన ఉక్కు ముక్కను సంచిలోంచి తీసి చేత్తో పట్టుకుంది. పరిశోధనలో చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే ఆయన కట్టిన లెక్క తప్పని ఆయనకే చెప్పబోతోంది.

"ఏంటమ్మా, మొహం అలా పాలిపోయింది?"

"సార్, ఈ వెల్డింగు అతుకు మీ లెక్క ప్రకారం మోయాల్సిన బరువులో సగానికే విరిగిపోతోందండీ."

"బరువు పరీక్షించే యంత్రం సరిచూశావా?"

"చూశాను సార్. ఉక్కు మార్చాను, వెల్డింగు వేరే చోట చేయించాను. ఎన్నిసార్లు చేసినా అంతే."

ఆయన ముక్క కోసం చెయ్యి చాచారు. ఇక తన చదువుకు నీళ్ళు వదులుకోవాల్సిందేననుకుంది. ఇంట్లో అక్కకు ఏమని చెప్పాలో కూడా ఆలోచించేసుకుంది.

ఆయన విరిగిన ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, విరిగిన అంచును వేలితో తడిమారు. తర్వాత ఫోను అందుకున్నారు.

"స్టేషన్లో పట్టాల మీద నడక వంతెన ఉందే, దాన్ని ఇప్పుడే మూసెయ్యండి. అవునండీ, దాని అతుకుల లెక్క కట్టింది నేనే. ముందు జనాన్ని దింపండి, కారణం తర్వాత చెబుతాను."

ఫోను పెట్టేసి ఆమె వైపు తిరిగారు.

"పద ల్యాబుకి. నా ఎదురుగా ఇంకోసారి చెయ్యి."

ఆమె కొత్త ముక్కను యంత్రానికి బిగించింది. మీట మీద చెయ్యి వేయగానే ఆయన మెల్లగా అన్నారు.

"తప్పు నాది కాదు, నీదే కావాలని కోరుకో తల్లీ."

ఆమె మనసారా అదే కోరుకుంటూ మీట నొక్కింది.

సగం బరువుకే అతుకు ఫట్‌మంది.