అరిగిన అక్షరాలు

“నా పేరు వద్దమ్మా. ‘క’ ఒక్కటి వేసివ్వు, చాలు.”

హంసిక తలెత్తి చూసింది.

అమెరికాలోని అరోరాలో తెలుగు అసోసియేషన్ వార్షికోత్సవం. హాల్లో ఓ మూల ఆమె స్టాల్. పాత సినిమా వాల్‌పోస్టర్లు చూసి చూసి, కంప్యూటర్‌లో తనే ఓ ఫాంట్ తయారుచేసింది. లావుపాటి అక్షరాలు. అక్కడక్కడా సిరా అంటనట్టు, ఎండకీ వానకీ గోడ మీద అరిగిపోయినట్టు ఉంటాయి. అడిగినవాళ్లకి వాటితో పేర్లు ప్రింట్ చేసి ఇస్తోంది.

అందరూ పేర్లు అడుగుతుంటే ఈ పెద్దాయన ఒక్క అక్షరం అడుగుతాడేమిటి?

ప్రింట్ తీసి ఇచ్చింది. ఆయన కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. అక్షరం వెంబడి వేలు తిప్పాడు.

“ఇది ‘క’నే కదూ?”

హంసికకి చురుక్కుమంది. చదవడానికి కష్టంగా ఉందని పొద్దుట్నుంచీ అంటున్నవాళ్లు అంటూనే ఉన్నారు.

“‘క’నే అంకుల్. వింటేజ్ లుక్ కోసం నేనే అలా అరగదీశాను.”

“బావుంది. ‘మ’ కూడా ఇవ్వు.”

“మనవళ్లకి నేర్పడానికా? అయితే నీట్‌గా ఉండే ఫాంట్ వేరే ఉంది. ట్రై చేద్దామా?”

“వద్దొద్దు. ఆ నున్నటివి నిలవవు తల్లీ, జారిపోతాయి. ఇవైతే పట్టు దొరుకుతుంది.”

అక్షరాలకి పట్టేమిటి? హంసికకి అర్థం కాలేదు. వెనక క్యూలో ఎవరో విసుగ్గా దగ్గారు.

“అక్షరాలన్నీ ఒకేసారి మెయిల్ చేసేస్తాను అంకుల్. మీ అడ్రస్ రాసివ్వండి” అంటూ పెన్ను చాపింది.

ఆయన పెన్ను అందుకోలేదు.

“అన్నీ వద్దమ్మా. ముందు ఈ రెండూ కానీ. ప్రతి శనివారం పొద్దున లైబ్రరీలో ఉంటాం. వీలైతే నువ్వే రా. డాక్టర్ విశ్వనాథం అంటే ఎవరైనా చెబుతారు.”

“తప్పకుండా అంకుల్.”

అప్పటికి తప్పించుకోవడానికి అన్న మాట.

ఆ శనివారం ఆఫీసు పని. మరుసటి శనివారం ఫ్రెండ్ బర్త్‌డే. ఆ పైన బద్ధకం. కానీ ఆ ‘పట్టు’ అన్న మాట మాత్రం మనసుని తొలుస్తూనే ఉంది.

ఉండబట్టలేక ఓ శనివారం అక్షరమాల మొత్తం పెద్దపెద్దగా ప్రింట్ చేసుకుని లైబ్రరీకి డ్రైవ్ చేసింది.

చిన్న గది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా వయసు పైబడ్డవాళ్లే. గోడ మీద తన ‘క’, తన ‘మ’. ఓ ముసలాయన లేచి నిలబడి వాటిని వేలితో దిద్దుతూ, పైకి కూడబలుక్కుంటున్నాడు.

“విశ్వనాథం అంకుల్ ఉన్నారా?”

భానుమతి అనే ఆవిడ లేచి దగ్గరికొచ్చింది.

“పోయిన మంగళవారం పోయారమ్మా. నిద్రలోనే.”

బల్ల దగ్గరున్న ఒకాయన హంసిక చేతిలోని కాగితాల కట్ట వైపు ఆశగా చూశాడు.

“‘ల’ తెచ్చావా అమ్మా? తర్వాత ‘ల’ అన్నారాయన.”

వెతికి, తీసిచ్చింది.

“ఆంటీ, ఇక్కడ ఏం చేస్తున్నారు మీరంతా?”

“చదువుకుంటున్నామమ్మా. మాకందరికీ స్ట్రోక్ వచ్చింది. మాట మిగిలింది, చదువు పోయింది. థెరపిస్ట్‌కేమో తెలుగు రాదు. ఫోన్‌లో అక్షరాలు చూస్తే చీమలు పాకినట్టుంటుంది. నీ అక్షరాలు చూస్తే చిన్నప్పటి సినిమా పోస్టర్లు కళ్లముందుకొస్తాయి. వాటి వెనకే అక్షరమూ నోటికొస్తుంది.”

హంసిక కళ్లు తుడుచుకుంది.

“పాపం, డాక్టర్ కాబట్టి మీకోసం అంత ఓపిక పట్టారు.”

భానుమతి తల అడ్డంగా ఊపింది.

“ఆయనా మాలాంటి పేషెంటేనమ్మా, తన పేరు తను చదువుకోలేకపోయేవారు, వారమంతా తంటాలు పడి తను ఏ అక్షరం నేర్చుకుంటే, శనివారం వచ్చి మాకు అదే నేర్పేవారు.”