ఆగిన పెన్ను

“నీకు సదువు అచ్చిరాదుర పర్శా!” కోదాడ దాటిన సూర్యాపేట బస్సులో అందరికీ వినబడేలా అన్నాడు లింగస్వామి.

పక్క సీట్లో పరశురాములు నవ్వి ఊరుకున్నాడు.

లింగస్వామికి చూపు లేదు. నోరు మాత్రం బారెడు. ఇవాళ అతని బీఏ ఆఖరి పేపరు, ఎకనామిక్స్. ఇది గట్టెక్కితే బీఈడీలో చేరొచ్చు, పంతులు కావచ్చు. ఇదే పేపరు ఇదివరకు రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి బస్సులో చెప్పలేదు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. తనకు ఏ నలుపూ కనబడదు కాబట్టి ఆ సామెత తనకు వర్తించదని అతని వాదన.

బీఏ మొదటి ఏడాది నుంచీ పరీక్షల్లో అతను చెబుతుంటే రాసే స్క్రైబ్ పరశురాములే. డిగ్రీ పరీక్షకు స్క్రైబ్‌గా కూర్చునేవాడు ఇంటర్ పాసై ఉండకూడదని రూలు. వాళ్ల ఊరు చిలుకూరులో రాయి విసిరితే బీటెక్ వాడికి తగులుతుంది. ఊరంతా గాలిస్తే ఈ చిన్ననాటి దోస్తు ఒక్కడే దొరికాడు. ఏటేటా ఇంటర్ లెక్కల్లో తప్పుతున్నాడు.

“దేవుడు నాకోసమే నీ బుర్రల మట్టి పెట్టిండుర!”

“గంతే గద,” అన్నాడు పరశురాములు.

కాలేజీలో కింది అంతస్తులోనే వేరే గది ఇచ్చారు. గంట అదనపు సమయం కూడా. లింగస్వామి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“ధర పెరిగితే గిరాకీ కూడా పెరుగును...”

పెన్ను చప్పుడు ఆగింది. వీడికి అక్షరాలు కూడా రావు, నా ఖర్మ, అనుకున్నాడు లింగస్వామి.

“గి... రా... కీ. రాయిర!” అని విడమరిచాడు. విడమరుస్తుంటే తప్పు తనకే తట్టింది. “కాదు కాదు, తగ్గును!”

పెన్ను గబగబా కదిలింది. ఇంకో రెండు చోట్ల కూడా అలాగే ఆగింది. అక్కడా లింగస్వామి విసుక్కున్నాడు, మళ్లీ ఆలోచించాడు, దిద్దుకున్నాడు.

ఫలితాలొచ్చాయి. బొటాబొటిగా పాసయ్యాడు. తన తెలివికి తనే మురిసిపోయి వాడకట్టంతా జిలేబీ పంచాడు. ఆ సంబరంలో దోస్తు మీద జాలి కూడా కలిగింది.

“మిర్యాలగూడల మంచి ట్యూషన్ ఉన్నదట. జర పోరాదుర!”

పరశురాములు ట్యూషన్‌కు పోలేదు. ఇంటర్ మీదికి మరో దండయాత్రకు మాత్రం బయల్దేరాడు. ఆ ఫలితాలను అతని చెల్లె రజిత ఫోన్‌లో చూసి ఎగిరి గంతేసింది.

“అన్నకు లెక్కలల్ల డెబ్బై అయిదుకు డెబ్బై మూడు!”

లింగస్వామి మీసం దువ్వుకున్నాడు. “సూసినవార, నా పక్కన కూసుంటే ఎట్లుంటదో! మరి గీ తెలివి ఇన్నేండ్లు ఏడ దాసిపెట్టినవ్?”

పరశురాములు బస్సులో నవ్విన నవ్వే నవ్వాడు.

“నేను అప్పుడే పాసైతే, రూలు ప్రకారం నీ పక్కన ఎవడు కూసుంటుండెర?”