అక్షయ మొండితనం

“బస్సుల ఎవలన్న దగ్గితె ఎట్ల? గా మాస్కుల ఊపిరాడకపోతె ఎట్ల?”

కరోనాకి మూసిన స్కూలు మళ్లీ తెరవడానికి వారం ముందు నుంచే మంజులది ఇదే పాట. మొగుడు ప్రమోద్ షార్జా శివార్లలోని సజ్జాలో ఒక అల్యూమినియం ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. విని విని విసిగిపోయాడు.

“షార్జా పిల్లలందరు పోతున్నరు. నీ బిడ్డ ఒక్కతే గాదు పోయేది. ఇగ ఖలాస్ జెయ్.”

మంజుల ఖలాస్ చెయ్యలేదు. ఏడాదిన్నర పాటు ఒంటిగది ఫ్లాట్‌లో కూతుర్ని కళ్ల ముందు నుంచి కదలనివ్వని మనిషి. అక్షయ ట్యాబ్‌కి ముక్కు ఆనించి, టీచర్ ముఖం మీంచి చూపు తిప్పకుండా కూర్చుంటే, పిల్ల కళ్లు పోతాయని భయపడింది. రెండుసార్లు కళ్ల డాక్టరుకి చూపించింది. కళ్లు నిక్షేపంగా ఉన్నాయన్నాడు. అయినా నమ్మలేదు. ఆమె భయపడని జబ్బు లేదు, ప్రమాదం లేదు.

తీరా ముంచుకొచ్చింది వేరే. పిల్ల బడికి వెళ్లిన నెలకి స్కూలు నుంచి కాగితం వచ్చింది. ఇంగ్లిషులో ఉంటే ప్రమోద్ చదివి చెప్పాడు. అక్షయ క్లాసులో నోరు విప్పడం లేదు. అక్కడ బడి వారం మొదలయ్యేది ఆదివారం; వచ్చే ఆదివారం నుంచి మూడో తరగతి మాన్పించి రెండులో కూర్చోబెడతారట.

“నీ గారాబమే గింతదాక తెచ్చింది,” అన్నాడు.

“నా గారాబమా? ఆళ్లు ఏం జేసిండ్రో పోయి అడగరాదా? అడగవు. నేనే పోత.”

పొద్దున్నే తనూ మాస్కు కట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. క్లాస్ టీచర్ కుసుమకుమారి ఖాళీ గదిలోకి తీసుకెళ్లి కుర్చీ చూపించింది. కాకినాడ ఆవిడ. మంజుల కూర్చోలేదు.

“నా బిడ్డను ఏం జేసిండ్రు మేడం?”

“ఏం చేస్తామండీ? ముందు కూర్చోండి.”

“కూసునేటందుకు రాలే. ఇంట్ల గలగల మాట్లాడె పిల్ల. ఆన్‌లైన్ల అందరికన్న ముందు ఇదే జెప్తుండె. స్టార్ల మీద స్టార్లు మీరే ఇచ్చిండ్రు. గిప్పుడు నోరు పడిపోయిందా? కొట్టిండ్రా? బెదిరిచ్చిండ్రా?”

కుసుమకుమారి ఓపిక కూడా ఆ నెలలో అడుగంటింది.

“ముప్పై మంది పిల్లల్ని దూరందూరంగా కూర్చోబెట్టి, ఈ మాస్కులోంచి అరిచి అరిచి నా గొంతు పోయిందండీ. మీ అమ్మాయి అడిగితే పలకదు, పిలిస్తే చూడదు. పక్కపిల్ల పుస్తకం తీస్తే తనూ తీస్తుంది, లేస్తే లేస్తుంది, అంతే. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆన్‌లైన్‌లో జవాబులు మీరు పక్కనుండి అందించేవారా?”

మంజుల ముఖం జేవురించింది.

“నేనా? తొమ్మిదిల్నే బడి బంద్ జేసిన నేను. నేను అందిస్తె, మీరు ఇచ్చిన స్టార్లు గూడ గుంజుకుంటుంటిరి.”

“అయితే భాష గొడవే. ఇంట్లో మీ తెలుగు, బిల్డింగులో హిందీ, ఇక్కడ ఇంగ్లిషు, మధ్యలో అరబిక్ పీరియడ్. ఇక్కడ పెరిగే పిల్లలు చాలామంది ఇలాగే బిగుసుకుపోతారు. సూపర్‌వైజర్ గారూ అదే అన్నారు. ఒక క్లాసు దింపితే కుదురుకుంటుంది.”

“దించుతరు, మీదేం బోయింది. తోటిపిల్లలు పైక్లాసుకు పోతుంటె ఇది పొట్టిపిల్లల నడుమ కూసోవాల్నా? సిగ్గుతోటి సగమైతది నా బిడ్డ.”

అక్షయ ఈ తగాదా తనది కానట్టు కిటికీ దగ్గర నిలబడి, బయట పార్కింగులో స్కూలు బస్సులు లెక్కపెట్టుకుంటోంది.

“అచ్చూ, ఇటు రా,” అని పిలిచింది మంజుల.

పిల్ల కదల్లేదు. మళ్లీ పిలిచింది. కదల్లేదు.

“అదిగో, చూశారా? నేను చెప్పేది ఈ మొండితనమే,” అంది టీచర్.

“మొండితనం గాదు మేడం, భయం. మీ బడి జేసిన భయం.” మంజుల వెళ్లి కూతురి రెక్క పట్టుకుని తెచ్చి టీచర్ ముందు నిలబెట్టింది. “అడుగుండ్రి ఏం అడుగుతరో. నా ముంగట అడుగుండ్రి.”

“అక్షయా, సెవెన్ ఎయిట్స్?”

పిల్ల టీచర్ వైపు చూసింది. తల్లి వైపు చూసింది. మాట్లాడలేదు.

టీచర్ గొంతు పెంచి మళ్లీ అడిగింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

“చెప్పు బిడ్డా, పొద్దుగాల చాయ్ తాగుకుంట గీ ఎక్కమే నాకు అప్పజెప్పినవ్ గదా,” అని మంజుల బతిమాలింది. అలా బతిమాలడం ఆమెకే నచ్చలేదు. కోపం రెట్టింపైంది. “చూడుండ్రి, ఎట్ల జేసిండ్రో చూడుండ్రి నా పిల్లను.”

కుసుమకుమారి ఏదో అనబోయి ఆగింది. అక్షయ తన కళ్లలోకి చూడడం లేదు. కళ్ల కింద నీలం మాస్కు మీద దేనికోసమో వెతుకుతోంది.

టీచర్ నాలుగడుగులు వెనక్కి వెళ్లి, గోడకి ఆనుకుని, మాస్కు గడ్డం కిందికి లాగేసింది.

మంజుల భగ్గుమంది. “ఏం జేస్తున్నరు మేడం? నా బిడ్డకు రోగం అంటిస్తరా? నేను పైకి కంప్లైంట్ ఇస్త. ఊకునేది లేదు.”

కుసుమకుమారి ఆమె వైపు చూడకుండానే, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. మంజుల పిడికిళ్లు బిగించుకుని ఆగింది. గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

గొంతులోంచి ఇసుమంత శబ్దం కూడా రానివ్వకుండా, వట్టి పెదాలు మాత్రమే కదిపి టీచర్ అడిగిన ప్రశ్నకి, నెల తర్వాత మొదటిసారిగా అక్షయ టకీమని జవాబిచ్చింది, “ఫిఫ్టీ సిక్స్, మిస్.”