అన్నయ్య శ్రుతి

ఈ ఉదయం కూడా నాన్న గ్లాసులో మిరియాల పాలు మీగడ కట్టి అలాగే ఉన్నాయి. గొంతు బొంగురుపోయినా ఆయన ఏ మందూ ముట్టడం లేదు.

మా కొల్లేటి లంకలో నాన్న పాస్టరు. చర్చిలో ఇప్పుడు ఆయనే పాట ఎత్తుకుంటారు, నేను కీబోర్డు వాయిస్తాను. దాని శ్రుతి అన్నయ్య తిమోతి తన గొంతుకు పెట్టుకున్నది. అంత పైకి నాన్న గొంతు అందదు. అయినా మార్చనివ్వరు.

"వాడొచ్చి పాడాలి కదమ్మా" అంటారు.

ఆరాధనకు ముందు, రోజూ ముందు చాప మీద కూర్చుని పాడే శాంతమ్మగారు నా చెవి దగ్గరికి వంగారు.

"కొంగల్లా మెడలు చాచినా అందట్లేదే తల్లీ. కాస్త దించు. అయ్యగారు నెత్తురు కక్కేలా ఉన్నారు."

నాన్నకు చెప్పకుండా దించాను.

పల్లవి ఆయన సులువుగా పాడారు. ఆ పాత గొంతు విని నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోసారి ఎత్తుకోబోయి ఆగిపోయారు. నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"మళ్ళీ పైకి పెట్టమ్మా."

"మీ గొంతు పోతుంది నాన్నా."

"పోనీ. ఇన్నేళ్ళూ వీళ్ళందరికీ నమ్మండి, నమ్మండి అని చెప్పాను. ఇప్పుడు నేనే దించేస్తే, రేపట్నుంచి ఏ మొహంతో వాక్యం చెప్పను?"

శ్రుతి పెంచాను. నాన్న పాడారు. పై స్వరం దగ్గర గొంతు చీలిపోయింది. చాపల మీద కూర్చున్నవాళ్ళెవరూ తలెత్తలేదు.

పోయిన నెల అన్నయ్య పడవ కొల్లేట్లో తిరగబడింది. సమాధి దగ్గర, వాడు మళ్ళీ లేస్తాడని ప్రార్థన చేసింది నాన్నే.