రోబో కాళ్లు

తమ్ముడు బండి తాళం వేలికి తగిలించి తిప్పుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. రెండో చేతిలో నడుము పైభాగమే మిగిలిన అంతరిక్ష రోబో బొమ్మ. చిన్నప్పటి కొట్లాటలో అది రెండుగా ఊడితే, అన్నదమ్ములు చెరో సగం పట్టుకుపోయారు.

"కాళ్లిచ్చెయ్, అన్నయ్యా. నేను పోగేసిన బొమ్మలన్నిట్లో ఇదొక్కటే నిలబడదు."

"లోపలికి రా."

"టైం లేదు."

అన్న బీరువాలోంచి కాళ్లు తెచ్చి, తమ్ముడి చేతిలోని సగం అందుకుని బిగించాడు. రోబో బల్లమీద నిటారుగా నిలబడింది. ఇద్దరూ కళ్లార్పకుండా చూశారు.

తమ్ముడు చెయ్యి చాపి అందుకునేలోగా అన్న దాని కాళ్లు ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"ఈ వయసులో ఇదేం బుద్ధి?"

"ఇన్నేళ్లకు వీటికోసం వచ్చావు. ఇచ్చేస్తే మళ్లీ ఎందుకొస్తావురా?"

తమ్ముడు చాపిన చెయ్యి దించాడు.

"పిల్లలిప్పుడు ఏం చదువుతున్నారు?" అన్నాడు మెల్లగా.