రెండు మోకాళ్ళ న్యాయం

ఇంటింటికీ పొయ్యి ఉన్నట్టే పరీక్షపెట్టె కూడా ఉండే కాలమది. అది గుణం ఉందని తేల్చని మొక్క ఏ పెరట్లోనూ ఉండకూడదు. ఇప్పుడు వరహాలమ్మ పెరట్లోని వావిలికి వంతు వచ్చింది.

ఆవిడ మోకాళ్ళు రెండూ వాచి మూడేళ్ళయింది. కుడికాలికి వెచ్చచేసిన వావిలాకు, ఎడమకాలికి ఉత్త గడ్డి నెల్లాళ్ళు కట్టమంది పెట్టె.

"నన్ను రెండు కాళ్ళూ మోసినాయి గదే! ఒకదానికి మందేసి రెండోదానికి గడ్డెడితే ఉసురు తగలదేటే?" అంది వరహాలమ్మ.

"పెట్టె సెప్పినట్టు సెయ్యాల అత్తా," అని కోడలు పైడమ్మ కట్లు కట్టేసి పొలానికి పోయేది. ఆమె గుమ్మం దాటగానే వరహాలమ్మ కట్లు విప్పి, ఆకునీ గడ్డినీ రెండు మోకాళ్ళకీ సమానంగా పంచేది.

నెల తిరిగేసరికి వాపులు తీసేసినట్టు పోయాయి. పెట్టె మోకాళ్ళను కొలిచింది.

"రెండు కాళ్ళకీ తేడా లేదు. ఆకులో గుణం లేదు. మొక్క పీకెయ్యండి."

"సదువుకున్న పెట్టె, అబద్దమాడతదేటి?" అని నిట్టూర్చింది వరహాలమ్మ. మూడేళ్ళుగా మంచం దిగని మనిషి గబగబా పెరట్లోకి నడిచి, హాయిగా గొంతుక్కూర్చుని, గునపంతో వావిలి మొదలు తవ్వసాగింది.