ఇన్‌కమింగ్ లేదు

“అంగాళమ్మను పిలుస్తారా?”

ప్రతి బుధవారం హైదరాబాదు నుంచి వచ్చే గొంతే అది.

“యాడ పిలిచేది సార్? ఆ యమ్మ పోయిన వారమే చచ్చిపోయె,” అన్నాడు జయరామప్ప.

అవతల ఫోను పెట్టేశారు.

అంగాళమ్మ రోడ్డుకు అవతల నిక్షేపంగా కూర్చుని ఆకుకూర అమ్ముకుంటోంది.

హోసూరు బస్టాండు పక్కన జయరామప్పకు ఎస్‌టీడీ బూత్ ఉంది. వచ్చే ఫోన్ల వల్ల అతనికి మిగిలేదేమీ లేదు. అంగాళమ్మ అద్దాల గదిలో దూరి తలుపేసుకుందంటే ఒక పట్టాన బయటికి రాదు. చేతులు తిప్పుతూ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఏదో చెబుతూనే ఉంటుంది. బయట గిరాకీలు చూసి చూసి పక్క బూత్‌కు పోతారు.

“ఏముందమ్మా అంతసేపు మాట్లాడేదానికి?” అని ఒకసారి అడిగాడు.

“నా కష్టాలు చెప్పుకుంటానప్పా. ముందు మా పక్కింట్లో బాడుగకు ఉండె ఆ అబ్బి. ఈ లోకంలో నా మాట ఇనేది వాడు ఒగడే.”

ఇప్పుడు ఆ ఒక్కడి పీడా వదిలింది.

మరుసటి బుధవారం ఆమె గంప వదిలేసి వచ్చింది.

“ఫోను రాలేదా అప్పా?”

“రాలేదు.”

“ఆ అబ్బికి ఏమన్నా అయిందేమో. నువ్వే ఒగసారి చేసి చూడప్పా.”

“నంబరు చెప్పు.”

“నాకేం తెలుసు నంబరు?”

జయరామప్ప పకపకా నవ్వాడు. ఆమె బూత్ మెట్టు మీద చీకటి పడేదాకా కూర్చుని పోయింది. ఆపైన ప్రతి బుధవారం అంతే.

అలాగని జయరామప్ప గుండె లేనివాడు కాదు. గురువారం సాయంత్రం ‘ఉమ్మడి గొడవలు’ సీరియల్ వస్తే బూత్‌లో టీవీ ముందు నుంచి కదిలేవాడు కాదు. అందులో ఒక అవ్వ ఉంది. కోడలిని, కొడుకుని, పక్కింటి కోడిని, పైనున్న దేవుణ్ణి వరుసగా కడిగేస్తుంది. అదీ అచ్చం ఈ ఊరి యాసలో. అంగళ్ళ బోర్డులన్నీ తమిళంలో ఉన్న ఊళ్ళో తన మాట టీవీలో వినబడితే జయరామప్పకు కడుపు నిండిపోయేది.

“అది మన అవ్వ రా,” అని టీ అంగడి రంగప్పకు గర్వంగా చెప్పేవాడు.

నెల తిరిగేసరికి ఆ అవ్వకు ఏమైందో ఏమో, తిట్టడం మానేసింది. కుటుంబ గౌరవం గురించి పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడింది. ఆ తర్వాత వారం ఊరికే ఏడ్చింది.

జయరామప్పకు టీ చేదయింది.

“ఎవుడో అవ్వ నోరు కట్టేసినాడు రంగప్పా. పాపిష్టి నాయాలు,” అన్నాడు.

“పోనీలే అప్పా, సీరియలే కదా.”

“నీకు తెలీదు. వారమంతా దాని కోసమే ఉంటా నేను.”

ఒక బుధవారం మెట్టు ఖాళీగా కనబడింది.

“అంగాళమ్మ పొద్దున పోయిందంట. జ్వరమంట. నెల నుంచి ఎవురితోనూ పలకలేదంటప్పా ఆ యమ్మ,” అన్నాడు రంగప్ప.

జయరామప్ప ఊపిరి పీల్చుకున్నాడు. ఆడిన అబద్ధం నిజమైపోయింది. ఇంక ఎవరూ అడగరు.

ఆ గురువారం సీరియల్‌లో అవ్వ ఫోటోకు దండ వేశారు.

జయరామప్ప తట్టుకోలేకపోయాడు. చివర్లో వేసే ఆఫీసు నంబరు రాసుకుని, తెల్లవారగానే సొంత బూత్ నుంచే ఫోను చేశాడు. రాసే ఆయనే కావాలని పట్టుబట్టాడు.

“సార్, హోసూరు నుంచి మాట్లాడతా ఉండా. అవ్వను చంపేసినారు, మీకు చేతులెట్లా వచ్చినాయి సార్? బంగారట్లా మాట్లాడతా ఉండె. ఆ మాటలన్నీ యాడ పోయినాయి?”

“హోసూరా?” అన్నాడాయన.

ప్రతి బుధవారం వినబడిన గొంతే అది.

“ఆ మాటలు నావి కావండీ. మీ ఊళ్ళో అంగాళమ్మ అని ఒకావిడ ఫోనులో తన కష్టాలు చెప్పుకునేది, అవే నేను అవ్వకు రాసేవాణ్ణి. ఆవిడ చనిపోయిందని బూత్ ఆయన చెప్పాక నా దగ్గర ఒక్క మాట లేదు.”